అమావాస్య నాడు పలకని నీహారిక

జూలై 1, 1955. శుక్రవారం. కర్నూలు.

ఈ డైరీ ఇన్సూరెన్సు ఏజెంటు మా ఆయనకిచ్చి పోయాడు. ఆయనకు అంకెలు రాసుకోవడానికి పెద్ద లాగుబుక్కు ఉంది కాబట్టి ఇది నాకు దక్కింది. ఆరు నెలల కాగితాలు ఖాళీగానే పోయాయి. మిగిలిన ఆరు నెలలూ నావి. ఇందులో నీహారికల గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదని నియమం పెట్టుకుంటున్నాను. ఇంట్లో ఎటూ అదే గోల, ఇక్కడైనా కాస్త తెరిపి ఉండాలి.

ఎండ. వాన జాడ లేదు. వంకాయలన్నీ ముదురువే.

జూలై 2

ఈ ఒక్కసారికి రాస్తాను, మళ్ళీ రాయను. నిన్న సాయంత్రం ఐదూ రెండు నిమిషాలకు ఆయన నీహారిక పలికింది.

మూడు నెలల నుంచి దీనికోసమే ఇల్లంతా తీగలు. మద్రాసులో పాత సామాన్ల అంగట్లో యుద్ధం నాటి రిసీవరు దొరికిన రోజు నుంచి మొదలైంది. ఇంటి వెనక సుంకమ్మ చేనులో రెండు చోట్ల వెదురు బొంగులు పాతించి వాటికి తీగలు కట్టారు. ఆకాశం నుంచి వచ్చే రేడియో గోలను అవి పట్టుకుంటాయి. వెనక వసారాలో రిసీవరు, దానికి ఒక మీటరు. గోల పెరిగితే సూది లేస్తుంది. అంతే యంత్రం. అంతకు మించి ఏదైనా ఉంటే, ఆయన చెప్పేటప్పుడు నేను పోపు పెడుతున్నాను.

కన్యారాశిలో ఒక నీహారిక, అంటే ఎక్కడో దూరాన చుక్కల మూక, ఉందట. దాని నడిమి నుంచి సన్నటి వెలుగు ధార ఒకటి చిమ్ముతున్నట్టు ఫోటోలో పడిందట. వెలుగుతో పందెం వేసినంత వేగం దానిది అని ఆయన నమ్మకం. ఆ నీహారికే రేడియోలో పెద్దగా గోల చేస్తుందని ఐదారేళ్ల కిందట కనుక్కున్నారు. ఇక ఈయన వాదమేమిటంటే, అరిచేదానికే ధార ఉండాలా, నెమ్మదిగా ఉండే నీహారికల్లోనూ ఒక చిన్న ధార ఉండొచ్చు, మనం చెవి పెట్టలేదంతే అని. అందుకని సింహరాశిలో, ఇంతవరకు నోరు తెరవని ఒక నీహారికను ఎంచుకున్నారు. నిన్న అది సరిగా నడినెత్తికి వచ్చే వేళకు సూది గబుక్కున లేచింది. రెండు గంటలు దిగలేదు.

నెమ్మదస్తురాలి లోపల కూడా ఏదో ఒకటి ఉంటుందని ఆయన నీహారికల విషయంలో మాత్రం గట్టిగా నమ్ముతారు.

జూలై 5

నియమం రేపటి నుంచి.

నక్షత్రాలైనా నీహారికలైనా రోజూ నాలుగు నిమిషాలు, కచ్చితంగా అయితే నాలుగు సెకన్లు తక్కువ, ముందుగా నడినెత్తికి వస్తాయట. ఈ లెక్కన ఒకటో తేదీన ఐదూ రెండుకు పలికింది ఈరోజు నాలుగూ నలభై ఆరుకు పలకాలి. కానీ సూది రోజూ ఆ ఐదూ రెండుకే లేస్తోంది. ఆయన చెప్పిన కారణం, మా నాన్న పెళ్ళికిచ్చిన గోడ గడియారం రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పరిగెడుతోందట. అందుకని సూది లేవగానే స్టూలెక్కి పెద్దముల్లును నాలుగు నిమిషాలు వెనక్కి తిప్పుతున్నారు.

ఖజానా దగ్గర సెంట్రీ కొట్టే గంటతో సరిచూడమన్నాను. మెలకువ వచ్చినప్పుడు కొట్టే సెంట్రీని నమ్మాలా, నీహారికను నమ్మాలా అని అడిగారు. నేను వంటింటి టైంపీసును సెంట్రీ గంటకే పెట్టుకుంటున్నాను. నీహారికను బట్టి అన్నం ఉడకదు.

జూలై 9

గోడ గడియారం ఇప్పటికి ముప్పై రెండు నిమిషాలు వెనకబడింది. దాన్ని చూసుకుని కాలేజీకి బయల్దేరే మా ఫిజిక్సు లెక్చరరు కూడా ముప్పై రెండు నిమిషాలు వెనకబడ్డాడు. ప్రిన్సిపాలు మెమో ఇచ్చారు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి గుడారాల్లో ఉన్న ఆఫీసుల్లో కూడా మెమోలకు కొదవ లేదు, కాలేజీకి ఎందుకుంటుంది. ఈయన ఊరుకోక, కాలేజీ గడియారమే ముప్పై రెండు నిమిషాలు ముందుందని జవాబిచ్చి వచ్చారు.

జూలై 11

ఆ జవాబుకు ఫలితం వచ్చింది. ఇకనుంచి రోజూ సాయంత్రం ఆరున్నర దాకా ఈయనకు ప్రాక్టికల్సు వేశారు.

అంటే సూది చూడాల్సింది నేను. రెండు నిమిషాలకొకసారి అంకె చదివి లాగుబుక్కులో రాయాలి. చేతకాదేమోనని ఆయన అరగంట నేర్పారు. కడపలో స్కూలు ఫైనలు లెక్కల్లో ఎవరు మొదట వచ్చారో ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేనూ చెప్పలేదు.

జూలై 12

ఐదూ రెండు. సూది లేచింది. కాకరకాయ పులుసు.

జూలై 14

తనకు ఒకప్పుడు చదువు చెప్పిన మద్రాసు ప్రొఫెసరు గారికి ఆయన ఉత్తరం రాశారు. నెమ్మదైన నీహారిక ఒకటి పలుకుతున్నదని, పద్నాలుగు రోజులుగా ఒక్కరోజైనా తప్పలేదని. పోస్టు డబ్బా దాకా నన్ను కూడా తీసుకుపోయారు. కవరు లోపల పడ్డ చప్పుడు విని, పెళ్ళిచూపుల నాడు నవ్వినట్టు నవ్వారు.

జూలై 16

సుంకమ్మ గోడ అవతల నిలబడి చాలాసేపు తటపటాయించింది. ఆమెకు ఈ చేను తప్ప ఏమీ లేదు. వాన లేక విత్తనం వేయలేదు కాబట్టే బొంగులు పాతుకోనిచ్చింది. ఇప్పుడు నలుగురూ నాలుగు మాటలంటున్నారట.

"యమ్మా, మీ తీగలు మోడాలను తరుముతాండాయంట. నిజమేనా?"

అవి మబ్బులను తరమవు, ఊరికే వింటాయి అని చెప్పాను.

"ఇనేదానికి ఇన్ని బొంగులెందుకు? ఒక చెవి సాలదా?"

సాయంత్రం ఆయనకు చెబితే, చాలా మంచి ప్రశ్న అని పావుగంట జవాబు చెప్పారు, నాకు.

జూలై 19. మంగళవారం.

ఈరోజు జరిగింది ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయలేను.

టైంపీసులో నాలుగున్నరకే వసారాలో కూర్చున్నాను. ఐదూ రెండు అయింది. సూది లేవలేదు. తీగలు చూసి వచ్చాను. బ్యాటరీలు చూశాను. చెవికి పెట్టుకుంటే రిసీవరులో రోజూ వినిపించే బుస వినిపిస్తూనే ఉంది. ఐదూ పది, ఐదూ ఇరవై. ఉలుకూ పలుకూ లేదు.

నిజానికి ఏమీ లేదనడం కూడా సరికాదు. సూది చాలా మెల్లగా సగం గీత లేచి, మళ్ళీ అంతే మెల్లగా దిగింది. పది పదకొండు నిమిషాలకు మళ్ళీ లేచింది. నిద్రపోయే మనిషి పొట్టలాగా. నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా అలా కదిలింది, సరిగా ఐదు గంటలప్పుడు అన్నిటికంటే ఎత్తుకు వెళ్లింది. ఇంత చిన్న కదలిక ఎవరికి కావాలి.

ఆరున్నరకు ఆయన వస్తారు. మెమో, ప్రాక్టికల్సు, దాని మీద తోటి లెక్చరర్ల నవ్వులు. మద్రాసుకు ఉత్తరం వెళ్లిపోయింది. వస్తూనే లాగుబుక్కు తీస్తారు.

నేను కలం తీసుకుని నిన్నటి అంకెలు చూసి, వాటిలాంటివే ఈరోజు అంకెలు రాశాను. అనుమానం రాకుండా అక్కడక్కడా సగం గీత ఎక్కువ వేశాను.

రాసిన తర్వాత చేయి కడుక్కోవడానికి పెరట్లోకి పోతే, గోడ అవతల సుంకమ్మ ఊరికే కూర్చుని ఉంది. ఈ వేళప్పుడు ఆమె ఎప్పుడూ రామసుబ్బయ్య శెట్టి చెనిక్కాయల మిల్లులో కూలి చేస్తూ ఉంటుంది. ఏం పోలేదా అని అడిగాను.

"ఈ పొద్దు అమావాస్య గదమ్మా. శెట్టి మిల్లు తిప్పడు."

"రోజూ ఎన్నింటికి తిప్పుతారు?"

"పగలంతా కరెంటు ఆఫీసులకే సాలదంట. ఐదు కొట్టినంక మిల్లుకిస్తారు. ఏడు దాంకా తిరుగుతాది."

సరేనని లోపలికి వచ్చి పప్పు నానబెట్టాను. మిల్లు గురించి నేనేమీ ఆలోచించలేదు.

జూలై 20

ఐదూ రెండుకు సూది లేచింది. అమ్మయ్య. నిన్న బ్యాటరీలో ఏదో లోపం ఉండి ఉంటుంది.

ఊరికే నాలుగున్నరకే కూర్చున్నాను. ఆ చిన్న కదలిక మళ్ళీ వచ్చింది. నాలుగూ యాభై ఆరుకు ఎత్తు.

జూలై 21

నాలుగూ యాభై రెండు. ఊరికే చూశాను.

ఆయన లాగుబుక్కు తిరగేస్తూ, పంతొమ్మిదో తేదీన నీహారిక సగం గీత ఎక్కువ పలికిందని కనిపెట్టారు. ఆ రోజు అమావాస్య అని పంచాంగంలో చూశారు. చంద్రుడు అడ్డం లేకపోతే గోల ఎక్కువగా చేరుతుందేమోనని రెండు కాగితాల సిద్ధాంతం రాసి ప్రొఫెసరు గారికి పంపారు.

నాకు తలనొప్పిగా ఉందని చెప్పి పడుకున్నాను. నిజంగానే వచ్చింది.

జూలై 22

నాలుగూ నలభై ఎనిమిది.

జూలై 24

నాలుగూ నలభై. నాకు ఇందులో ఆసక్తి ఏమీ లేదు. చేయి ఖాళీగా ఉంది కాబట్టి చూస్తున్నాను. మధ్యాహ్నం వేయాల్సిన అప్పడాలు మాత్రం మర్చిపోయాను.

జూలై 29. వరలక్ష్మీ వ్రతం.

ముత్తైదువలను తొందర పెట్టి తాంబూలాలిచ్చి పంపేశాను. నాలుగూ ఇరవై. రోజుకు నాలుగు నిమిషాలు, ఒక్కరోజు తప్పలేదు. సెంట్రీ పాపం సరిగానే కొడుతున్నాడు.

ఆయనకు చెప్పాలి. పండగ పూట ఎందుకు, రేపు చెబుతాను.

ఆగస్టు 2

రేపు చెబుతాను.

ఆగస్టు 6

మద్రాసు నుంచి జవాబు వచ్చింది. ప్రొఫెసరు గారు కుటుంబంతో మంత్రాలయం వస్తున్నారట. అక్కడి నుంచి పదిహేడో తేదీ మధ్యాహ్నానికి కర్నూలు వచ్చి, సాయంత్రం నీహారికను స్వయంగా చూస్తారట. ఆయన ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు పైకి చదివారు. వసారాకు సున్నం వేయించాలన్నారు.

ఆయన అటు పోగానే పంచాంగం తీశాను. పదిహేడు, బుధవారం. అమావాస్య.

ఆగస్టు 13

ఈరోజు నేను చేసిన పని ఇది. ఆయన కాలేజీకి పోయాక, శెట్టి గారింటికి వెళ్లాను.

శెట్టి గారి భార్య సుబ్బరత్నమ్మ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. రామసుబ్బయ్య శెట్టి గారు నన్ను చూసి, అప్పడాల పిండికి వచ్చానేమో అనుకున్నారు. పదిహేడో తేదీ సాయంత్రం ఐదింటికి మిల్లు తిప్పగలరా అని అడిగాను.

"అమావాస్య నాడు మిల్లు తిప్పింది మా తాతల కాలం నుంచి లేదమ్మా. ఏం పని బడింది?"

మద్రాసు నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు గారు వస్తున్నారని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆపైన శెట్టి గారు తనంతట తానే ఊహించుకున్నారు.

"మా మిల్లు చూసేదానికా?"

నేను మజ్జిగ తాగుతూ ఉండిపోయాను. శెట్టి గారు లేచి నిలబడ్డారు. అంత చదువుకున్న మనిషి అంత దూరం నుంచి వస్తుంటే అమావాస్యని చూస్తామా, టెంకాయ కొట్టి ఒక గంట తిప్పుదాం, కరెంటు వాళ్ళకు నేను చెబుతాను అన్నారు. మోటారును తుడిపించి బొట్టు పెట్టిస్తానని కూడా అన్నారు.

అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. పదిహేడో తేదీ ఐదూ రెండుకు సూది లేస్తుంది. ప్రొఫెసరు గారు చూస్తారు. ఎవరికీ ఏమీ తెలియదు. దారి పొడుగునా సంతోషపడాలని చూశాను. ఇంటికి వచ్చేదాకా ప్రయత్నించాను.

ఆగస్టు 14

ఉక్క.

ఆగస్టు 15

జెండా పండగకు పొద్దున్నే కాలేజీకి పోయి పదింటికి వచ్చేశారు. సెలవు. వసారాలో కూర్చుని ప్రొఫెసరు గారికి ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుంటున్నారు. నేను చీపురు పక్కన పెట్టి చెప్పేశాను.

"ఏమండీ. మీ నీహారిక శెట్టి గారి మిల్లు."

మొదట నవ్వారు. మోటారులో నిప్పురవ్వలు ఎగురుతాయి, వాటి గోల మన తీగలకు చేరుతోంది, ఐదింటికి కరెంటిస్తే మొదలై ఏడింటికి ఆగుతోంది అని చెప్పాను. ఇంకా నవ్వుతూనే, మరి అమావాస్య నాడు మిల్లు ఉండదు కదా, ఆ రోజు ఇంకా ఎక్కువ పలికింది చూడు అని లాగుబుక్కు తీశారు.

"ఆ రోజు సూది లేవలేదండీ. ఆ అంకెలు నేను కల్పించినవి."

ఆ పేజీ మీద వేలు అలాగే ఉండిపోయింది. వేలు తీయకుండానే అడిగారు.

"ఎందుకు?"

"మీకు మెమో ఇచ్చినారు. ఉత్తరం పోయింది. ఇంటికి వచ్చి ఇదీ లేదని చూస్తారని."

శెట్టి గారింటికి వెళ్లిన సంగతి కూడా చెప్పాను. మొత్తం చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు అంకెలు కల్పిస్తావని నేనెప్పుడూ అనుకోలేదు రాజ్యం" అని మాత్రం అని, చెప్పులు కూడా లేకుండా సుంకమ్మ చేనులోకి పోయి బొంగుల మధ్య ఎండలో కూర్చున్నారు. తిట్టినా బాగుండేది.

అన్నానికి రాలేదు. రెండున్నర అయింది. మూడూ పద్నాలుగు దగ్గరికి వస్తోంది. నేనే చేనులోకి వెళ్లాను. ఇంకొకటి ఉంది, వచ్చి చూడండి అన్నాను. తల కూడా ఎత్తలేదు.

"రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తాంది. ఇరవై ఏడు రోజుల నుంచి."

అప్పుడు లేచారు. పరిగెత్తారనే చెప్పాలి, ముళ్లలో.

ఇద్దరం మీటరు ముందు కూర్చున్నాం. సూది సగం గీత లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. మూడూ పద్నాలుగుకు ఎత్తు. ఆయన ఊపిరి బిగబట్టి చూశారు. ఈ రెండు బొంగుల గుంపుల మీదా ఒకే చుక్క గోల పడితే ఇలాగే లేచి దిగాలట. తర్వాత పట్టికలు తీసి లెక్క కట్టారు. నేనూ పక్కన కట్టాను, ఆయన కంటే ముందు ముగించాను. అది సింహం కాదు. కన్య. ఫోటోలో ధార ఉన్నదీ, ముందునుంచీ గోల చేసేదీ అదే. ఇన్నాళ్లూ మిల్లు గోలలో మునిగిపోయింది.

"ఇది లోకమంతా ఎరిగిందే రాజ్యం. కొత్తదేం కాదు" అన్నారు.

"మనకు కొత్తే కదండీ."

 అన్నం పెట్టమన్నారు. గోడ గడియారాన్ని దించి, ఖజానా గంట విని సరిచేశారు.

ఆయన స్నానానికి పోయినప్పుడు లాగుబుక్కులో పంతొమ్మిదో తేదీ పేజీ తీసి, అంకెల మీద ఒక గీత కొట్టి, కింద "ఇవి నేను కల్పించి రాసినవి. ఆ రోజు సూది లేవలేదు" అని రాసి పూర్తి పేరు పెట్టాను.

ఆగస్టు 16

శెట్టి గారికి మిల్లు తిప్పనక్కర్లేదని, ఎందుకు అడిగానో నిజం కూడా చెప్పి వచ్చాను. ఆయన నొచ్చుకోలేదు. మద్రాసు ప్రొఫెసరుకు చూపించేటంత గోల తన మోటారు చేస్తుందంటే నమ్మలేకపోతున్నారు.

ఆగస్టు 17

ప్రొఫెసరు గారు పొట్టిగా, తెల్లని తలపాగాతో, మన బడి పంతులులా ఉన్నారు. ఈయన గుమ్మంలోనే, ఉత్తరాల్లో రాసిందంతా తప్పని చెప్పేశారు. కాఫీ కూడా ఇవ్వకముందే.

మూడూ ఆరుకు కన్య వచ్చింది. ప్రొఫెసరు గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. వెదురు బొంగులతో ఇది పట్టారా అని ఒకసారి, ఖాళీ చేనులో పట్టారా అని ఒకసారి అన్నారు. ఇరవై తొమ్మిది రోజుల అంకెలు ఎక్కడ అన్నారు. అవి రోజూ ఈ డైరీ పేజీల అంచుల్లోనే రాసుకున్నాను, మర్చిపోయిన అప్పడాల పక్కన, మా ఆయన మీద నేను రాసిన మాటల పక్కన. లోపలికి పోయి తెల్లకాగితం మీద ఎత్తి రాసి తెచ్చాను. ఆ పుస్తకం నేనూ చూడొచ్చా అని మా ఆయన అడిగారు. కూడదన్నాను.

లాగుబుక్కు తిరగేస్తూ ప్రొఫెసరు గారు పంతొమ్మిదో తేదీ దగ్గర ఆగారు. కింద పేరు చదివి, నన్ను చూశారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"పేజీ చించేయకుండా ఉంచినారు. మంచి పని" అన్నారు. అంతే.

అంతలో శెట్టి గారు కొత్త పంచె కట్టుకుని వచ్చారు. టెంకాయ ఎలాగూ కొట్టేశారట, కరెంటు కూడా చెప్పి ఉంచారట. ప్రొఫెసరు గారికి హుషారు వచ్చింది. ఐదింటికి మనిషిని పంపి మిల్లు తిప్పించారు. సూది గబుక్కున లేచింది. ఆపించారు, పడిపోయింది. మళ్ళీ తిప్పించారు. శెట్టి గారు ముందుకు వంగి, అది నా మోటారేనా అని మూడుసార్లు అడిగి నిర్ధారణ చేసుకున్నారు. ఎవరూ ఎవరినీ ఎగతాళి చేయలేదు. మా ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వారు.

సింహం సంగతి ఇప్పుడు తేలదట. సూర్యుడు ఆ పక్కకే వస్తున్నాడు, వాడి గోలలో ఏదీ వినిపించదట. డిసెంబరులో, తెల్లారే వేళ, మిల్లు లేనప్పుడు మొదలుపెట్టమన్నారు. చాలా నెలలు చూసినా ఏమీ దొరక్కపోవచ్చు, దొరకలేదని సరిగ్గా రాసి పంపితే అదీ తనకు కావాలన్నారు. ఆ మాట అనేటప్పుడు ఇద్దరి వైపూ చూశారు.

ఆగస్టు 20

వాన. సుంకమ్మ తీగల కింద నిలబడి తడుస్తూ నన్ను పిలిచి మరీ చూపించింది. బొంగుల మధ్య విడిచిపెట్టి మిగతా చేనంతా కొర్ర చల్లుతుందట.

డిసెంబరు 3

మూడు రోజులుగా పొద్దున ఆరింటికే ఇద్దరం వసారాలో. ఆయన రగ్గు కప్పుకుని సూది చదువుతారు, నేను రాస్తాను. మరునాడు నేను చదువుతాను, ఆయన రాస్తారు. ఆరూ యాభై రెండుకు సింహం నడినెత్తికి వచ్చింది. ఏమీ లేదు. "ఏమీ లేదు" అని రాశాం.

డిసెంబరు 5

ఆరూ నలభై నాలుగుకు రావాలి. సరిగా ఆరూ నలభై నాలుగుకు సూది ఒక గీత లేచింది. నిమిషం పైగా నిలిచింది. రగ్గు ఎక్కడో, ఆయన ఎక్కడో. ప్రొఫెసరు గారికి తంతి ఇవ్వాలని చొక్కా తొడుక్కున్నారు. రేపు నలభైకి వస్తేనే అన్నాను. చొక్కా విప్పలేదు కానీ, కూర్చున్నారు.

డిసెంబరు 6

ఆరూ నలభై. సూది లేవలేదు. నేను రాసే పని ఆయనకు అప్పగించి వీధిలోకి పోయాను. ఆరూ నలభై నాలుగు అయ్యేసరికి నంద్యాల బస్సు వచ్చి చేను మూల మీద ఆగింది. నిన్నటి నుంచే ఈ దారిన తిప్పుతున్నారట. డ్రైవరు ఇంజను ఆపకుండా దిగి చుట్ట ముట్టించుకున్నాడు. లోపలి నుంచి ఆయన కేక వినిపించింది, లేచింది రాజ్యం, లేచింది అని. నిన్న సూది లేచిందీ ఈ వేళకే.

తంతికి మాటలు ఆయన రాత్రే పేర్చి పెట్టుకున్నారు. నేను చూశాను. తొమ్మిది మాటలు.

వసారాలోకి వచ్చాను. ఆయన ముఖం చూశాను. అడుగు ఆగలేదు.

"అది బస్సండీ."

కలం పట్టుకుని నన్ను చూశారు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే."

 బస్సు కదిలిపోయింది, సూది దిగింది. ఆయన లాగుబుక్కులో "బస్సు" అని రాసి, పక్కన, ఎవరు కనిపెట్టారో వారి పేరు కూడా రాశారు. చొక్కా విప్పి వంకెకు తగిలించి, కాఫీ కలపమన్నారు, తనే లేచి పొయ్యి దగ్గరికి వస్తూ.